బ్యాండులో తొలి వాద్యం

ప్రశ్న: పదకొండేళ్ల మా అమ్మాయి బడి బ్యాండులో చేరుతోంది. క్లారినెట్, ట్రంపెట్, ఫ్లూట్‌లలో ఏది కొనమంటారు?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: కొనేముందు మూడింటినీ అమ్మాయి చేత ఊదించి చూడండి. ట్రంపెట్‌కు వేళ్లతో నొక్కే వాల్వులు మూడే అయినా, స్వరం మారడం చాలావరకు పెదవుల బిగువు మీదే ఆధారపడుతుంది కనుక అది తేలికనుకోవడం పొరపాటు. ఫ్లూట్‌లో నాదం పలికించడమే మొదట్లో కష్టం. మీ పెళ్లిళ్లలో వినే సన్నాయి పీకకు రెండు పొరలుంటే, క్లారినెట్‌కు ఒకటే రీడు, అంటే ఊదితే కంపించే పలచని రెల్లు పలక. రెండో నంబరు రీడుతో, అంటే కాస్త మెత్తటిదానితో, మొదలుపెడితే శబ్దం సులువుగానే వస్తుంది, కాని వేళ్లు రంధ్రాలను పూర్తిగా మూయకపోతే కీచుమంటుంది. వేళ్లు అందితే నా ఓటు క్లారినెట్‌కే. బడిలో వాద్యం ఇస్తే, మౌత్‌పీస్, రీడులు మాత్రం సొంతంగా కొనండి. ఊదిన ప్రతిసారీ రీడును తుడిచి ఆరబెట్టించండి.