పికప్ ముందు భాగం ఊగుతోంది, గిరిగిరి అప్పు తీసుకోనా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాలుగేళ్ల పికప్ నడుపుతాను. పరకాల, ములుగు వైపు చేనుల్లోంచి పత్తి, మిర్చి ఎత్తి ఎనుమాముల మార్కెట్‌కు తోలుతాను. బురదలో దిగబడుతోందని నిరుడు ముందు కమాన్లకు (పట్టీ స్ప్రింగులకు) ఒక్కో పక్కకు రెండు పట్టీలు ఎక్కువ వేయించి, పొడుగు షాకిళ్లు (కమాను కొనను చాసిస్‌కు కలిపే లింకులు), పెద్ద టైర్లు పెట్టించాను. 46,000 అయింది. ఇప్పుడు 60 దాటితే స్టీరింగ్ వణుకుతోంది, తిప్పి వదిలితే నడిమికి రావడం లేదు. మెకానిక్ రిపేరుకు 58,400 అన్నాడు. గిరిగిరి (రోజువారీ వసూలు అప్పు) వాళ్లు 60,000 రాసుకుని 52,000 చేతికిస్తారట, రోజుకు 600 చొప్పున 100 రోజులు కట్టాలి. బండి కిస్తు 14,200. ఖాతాలో 9,000 ఉన్నాయి. 8,000 చిట్టీ 25 నెలలది, 14 కట్టాను. భార్య దగ్గర మూడు తులాల బంగారం ఉంది. డీజిల్ పోను సీజన్‌లో నెలకు 52,000, వానాకాలం నాలుగు నెలలు 30,000 వస్తాయి. ఇంటి ఖర్చు 16,000. ఏం చేయమంటారు?

జవాబు: గిరిగిరి వద్దు. వాళ్లు 8,000 ముందే పట్టుకుంటారు, మీరు మొదటి రోజు నుంచే అసలు తీరుస్తూ పోతారు. చేతికి వచ్చిన 52,000 మీద లెక్కేస్తే అది నెలకు నూటికి దాదాపు తొమ్మిది రూపాయల వడ్డీ. అసలు ప్రమాదం నెల లెక్కలో ఉంది. రోజుకు 600 అంటే నెలకు 18,000. ఈ వానల్లో మీకు వచ్చే 30,000లోంచి అది తీస్తే మిగిలేది 12,000. బండి కిస్తుకే చాలదు, ఇక ఇంట్లోకి బియ్యం ఎక్కడివి? రెండో నెల కిస్తు తప్పుతారు, దాన్ని పూడ్చడానికి ఇంకో గిరిగిరి దగ్గరికి వెళ్తారు. సరుకు బండ్ల వాళ్లు చాలామంది ఇట్లాగే మునుగుతారు.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్న కారణం వేరే. నిరుటి సీజన్‌లో కిస్తు, ఇల్లు, చిట్టీ అన్నీ పోను మీకు నెలకు 13,800 మిగలాలి. ఎనిమిది నెలలకు లక్షా పదివేలు. వానాకాలం లోటు 32,800 పూడ్చుకున్నా 77,000 ఉండాలి. అందులో 46,000 బండి ఎత్తు పెంచడానికి పోయింది, బండి ఆగిన రోజుకంటూ రూపాయి పక్కన పెట్టలేదు. బండి మీద పెట్టే డబ్బంతా పెట్టుబడే అనుకోవడం ఈ వృత్తిలో చాలామంది చేసే తప్పు. మీ విషయంలో ఆ 46,000 ఇప్పటి రిపేరును కూడా కొని తెచ్చింది.

ఎట్లాగంటే, చాసిస్ పైకి లేస్తే స్టీరింగ్ బాక్స్ దానితోపాటు లేస్తుంది, యాక్సిల్ మాత్రం కిందనే ఉంటుంది. రెంటినీ కలిపే డ్రాగ్ లింక్ ఏటవాలుగా పడుతుంది. చక్రం గుంతలో దిగినప్పుడల్లా ఆ రాడ్ స్టీరింగ్‌ను తనే లాగుతుంది. జాయింట్లు వంకర కోణంలో పనిచేసి రబ్బరు బూట్లు (తొడుగులు) చిరుగుతాయి, నల్లరేగడి బురద లోపలికి పోతుంది. పెద్ద టైరు బరువు కింగ్ పిన్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే మేకు) బుష్‌లనూ వీల్ బేరింగ్‌లనూ తింటుంది. షాకిల్ పొడవు మారితే క్యాస్టర్ కోణం, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం, చెదురుతుంది. స్టీరింగ్ నడిమికి రాకపోవడానికి అది ఒక కారణం, గ్రీజు అందక కింగ్ పిన్ బిగుసుకుపోవడం ఇంకో కారణం.

డబ్బు తీసే ముందు ఒక అరగంట పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు స్టీరింగ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపాలి. మీరు కింద చూస్తూ ఒక్కో జాయింట్ మీద వేలు ఆనించండి. రాడ్ కదిలి, దాని కొన కదలకుండా టక్కుమంటే అరిగింది అదే. తర్వాత జాకీ ఎత్తి, స్టాండ్ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేక్ తొక్కమనండి. ఆట మాయమైతే వీల్ బేరింగ్, తొక్కినా ఉంటే కింగ్ పిన్.

ఇప్పుడు ఎస్టిమేట్‌కు వద్దాం. రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ ఎండ్లు రెండు, డ్రాగ్ లింక్ ఎండ్లు రెండు 4,800. రెండు పక్కలా కింగ్ పిన్లు, బుష్ రీమింగ్‌తో 5,600. షాకిల్ పిన్లు, బుష్‌లు 2,600. కమానును యాక్సిల్‌కు బిగించే యు బోల్టులు నాలుగు 1,400. బేరింగ్‌లు, సీళ్లు 3,200. కూలి 6,500, అలైన్‌మెంట్ 800. మొత్తం 24,900. పరీక్షలో ఆట కనిపించినవన్నీ ఇప్పుడే చేయించాలి. టై రాడ్ ఎండ్ ఊడితే చక్రం మీ మాట వినదు.

మిగతా 33,500 సంగతి వేరు. స్టీరింగ్ డ్యాంపర్ 4,000 కొట్టేయండి. అది వణుకును దాచిపెడుతుంది, అరుగుదల లోపల సాగుతూనే ఉంటుంది. స్టీరింగ్ బాక్స్ ఓవర్‌హాల్ 7,000 ఆపండి. జాయింట్లు మార్చాక కూడా స్టీరింగ్‌లో ఖాళీ ఉంటేనే బాక్స్ విప్పాలి. పైనున్న అడ్జస్టింగ్ స్క్రూ బిగిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే జాగ్రత్త, ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ పట్టేస్తుంది. షాక్ అబ్జార్బర్లు 4,500, నూనె కారుతుంటేనే. మరో రెండు పెద్ద టైర్లు 18,000 అసలే వద్దు, కంపెనీ సైజుకు దిగండి. పాత టైర్లు, పాత షాకిళ్లు ఇంట్లో ఉంటే అవే వేయించండి.

కమాన్ విప్పుతారు కాబట్టి అదనపు పట్టీలు కూడా అప్పుడే తీయించండి. కొత్త సెంటర్ బోల్టులు, కూలి కలిపి 1,500 అనుకోండి. ఎత్తు అట్లాగే ఉంచి కొత్త సామాను వేస్తే ఏడాదికే మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. మొత్తం 26,400.

ఆటోనగర్‌లో పక్కన నిలబడి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కించాలి, లేకపోతే అలైన్‌మెంట్ షాపు దాకా పోయేలోపే టైరు గీరుకుపోతుంది. నట్టుకు కొత్త స్ప్లిట్ పిన్ వేయాలి, పాతది వంచి వాడితే ఒప్పుకోవద్దు. యు బోల్టులు ఒకసారి సాగినవి మళ్లీ పనికిరావు. రబ్బరు బుష్ బోల్టులు బండి నేల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది. కింగ్ పిన్‌కు గ్రీజు చక్రం లేపి కొట్టించండి, కొత్త గ్రీజు అంచున కనిపించేదాకా.

ఖాతాలోని 9,000 రిపేరుకు ముట్టుకోవద్దు. ఆగస్టు, సెప్టెంబర్ లోటు నెలకు 8,200 చొప్పున ఉండనే ఉంది. బ్యాంకులో బంగారం పెట్టి 35,000 తీసుకోండి, అంతకు మించి ఇస్తామన్నా వద్దు. రూపాయి వడ్డీకి అటూ ఇటూ పడుతుంది. రిపేరు పోను మిగిలే 8,600, ఖాతాలో 9,000 కలిపితే ఆ రెండు నెలల లోటు 16,400 దాటుతుంది. అక్టోబర్‌లో పత్తి మొదలయ్యాక నెలకు 6,300 కట్టుకుంటూ పోతే ఉగాది నాటికి బంగారం ఇంటికి వస్తుంది. చిట్టీ పాట పాడి ఎత్తితే పోయే తగ్గింపు దీనికంటే ఎక్కువ. బండి మీద టాప్ అప్ లోన్ (ఉన్న అప్పు మీదే ఇంకొంత అప్పు) అంటే కిస్తును ఇంకా సాగదీయడమే.

ఇక బండి ఆగిన రోజు కోసం పక్కన పెట్టాల్సిన నిధి. గిరిగిరి వాడికి రోజుకు 600 ఇవ్వడానికి సిద్ధపడ్డ మనిషి తనకు తాను 300 ఇచ్చుకోలేడా? సీజన్‌లో లోడు దించిన ప్రతి రోజూ 300, నెలకు 25 రోజులు, 7,500. మీకు కావలసింది రెండు కిస్తులు 28,400, రెండు నెలల ఇంటి ఖర్చు 32,000, ఒక రిపేరు 25,000, వెరసి 85,400. ఒక సీజన్‌లో 60,000 చేరుతుంది, మిగతాది జూలైలో చిట్టీ అయ్యాక దాంట్లోంచి వేయండి. కిస్తు కట్ అయ్యే ఖాతా కాకుండా వేరే బ్యాంకులో, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టి. ఈ డబ్బును ఇంకో చిట్టీలో వేయొద్దు. బండి ఆగిన రోజున చిట్టీ మీ చేతికి రాదు. టైర్లకు, ఫిట్‌నెస్‌కు, ఇన్సూరెన్స్‌కు వాడొద్దు. అవి తేదీ తెలిసిన ఖర్చులు, వాటికి వేరే లెక్క ఉండాలి.

ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు కానీ ఒక మాట. అరిగిన సామానుకు అది ఎట్లాగూ పైసా ఇవ్వదు. ఆర్‌సీకి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయరు ఈ పట్టీలనూ చూడవచ్చు. మేడారం జాతరకు సరుకు బండిలో జనాన్ని ఎక్కించే అలవాటు ఉంటే ఈసారి నుంచి మానండి, వాళ్లకు దెబ్బ తగిలితే పరిహారం మీ మీదికే వస్తుంది. హమాలీలకు అదనపు ప్రీమియం కట్టారో లేదో పాలసీ కాగితం తీసి చూడండి.

సామాను మార్చాక 500 కిలోమీటర్లకు యు బోల్టులు మళ్లీ బిగించాలి. పట్టీలు కుదురుకునే కొద్దీ అవి వదులవుతాయి. దీనికి మెకానిక్ మళ్లీ కూలి అడగకుండా ముందే మాట తీసుకోండి.