లార్డ్ అంటే రొట్టెకు కాపలా ఉన్నవాడు

కోర్టులో జడ్జినీ చర్చిలో దేవుణ్ణీ కూడా ‘లార్డ్’ అనే పిలుస్తారు కదా, అసలు ఆ మాటకు అర్థం ఏంటని అడిగారు. హైకోర్టులో పదేళ్ల పాటు రోజూ ‘మై లార్డ్’ అన్నవాణ్ణి నేను. అధికారానికి సంబంధించిన మాటే అనుకున్నాను. ఒక మధ్యాహ్నం మా కేసు పిలవడానికి ఇంకా టైముందని బార్ లైబ్రరీలో పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తిరగేస్తుంటే, సరిగ్గా ఈ మాట దగ్గర చెయ్యి ఆగిపోయింది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దీని రూపం ‘హ్లావోర్డ్’. అందులో మొదటి ముక్క ‘హ్లాఫ్’, అంటే రొట్టె. ఇవాళ్టి ‘లోఫ్’ అదే. రెండో ముక్కకు కాపలాదారు అని అర్థం, ‘వార్డ్’ అనే మాట దాని చుట్టమే. రెండూ కలిస్తే రొట్టెకు కాపలా ఉన్నవాడు, అంటే ఇంటిల్లిపాదికీ తిండి చూసేవాడు. పలికీ పలికీ మొదట్లోని హకారం, నడుమ ఉన్న వకారం అరిగిపోయి ‘లార్డ్’ మిగిలింది. మన ‘లాటు సాహెబు’ కూడా ఈ లార్డే.

దేవుడికి ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన మాట వేరే ఉంది, ‘డ్రిహ్తెన్’. మొదట్లో దానికి యోధుల గుంపుకు నాయకుడని అర్థం. కాలక్రమంలో ఆ మాట వాడుకలోంచి పోయింది, రొట్టె పెట్టేవాడి మాట దేవుడి దాకా వెళ్లింది. నాకు ఇది చాలా నచ్చింది.

దీనికి అవతలి వైపు కూడా చూడాలి. ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతపు రాజు ఎథెల్‌బర్ట్ 7వ శతాబ్దం తొలినాళ్లలో చేసిన చట్టంలో, ఒకరి ఇంట్లో ఉండి పనిచేసేవాణ్ణి ‘రొట్టె తినేవాడు’ అన్నారు. సామాన్య రైతు ఇంట్లో అలాంటివాణ్ణి ఎవరైనా చంపితే పరిహారం 6 షిల్లింగులు. అది చదవగానే మా తాతయ్య దగ్గరి పాలేరు గుర్తొచ్చాడు. ముసలితనంలో కూడా “మీ తాత ఉప్పు తిన్నవాణ్ణి బాబూ” అనేవాడు. అందులో ప్రేమ ఉంది, లోబడి ఉండటం కూడా ఉంది. 2006లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ‘మై లార్డ్’ బదులు ‘యువర్ ఆనర్’ అనొచ్చని తీర్మానించింది. ఈ పాలేరు మాట తలుచుకుంటే అదే సబబు అనిపిస్తుంది.

‘లేడీ’ కూడా ఈ ఇంటి మాటే. పాత రూపంలో రొట్టెల పిండి పిసికే ఆవిడ అని అర్థం. మా ఊళ్లో తాతయ్యను అందరూ దొర అనేవారు. పాలేళ్లతో కలిపి ఇంట్లో అందరికీ తెల్లవారుజామునే ఎసరు పెట్టింది మాత్రం నానమ్మ. ఇంగ్లీషువాళ్ల మాటలో ఆమె పనికీ పేరు దక్కింది.