జాన్ వేన్ చివర్లో పోలీసు వేషాలు ఎందుకేశాడు?

జీవితమంతా కౌబాయ్ సినిమాలు చేసిన జాన్ వేన్ చివర్లో పోలీసుగా ఎందుకు మారాడు అని అడిగారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే క్లింట్ ఈస్ట్‌వుడ్ దెబ్బ.

1971లో ఈస్ట్‌వుడ్ హీరోగా డర్టీ హ్యారీ సినిమా వచ్చింది, శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసు, చేతిలో 44 మాగ్నమ్ రివాల్వర్, రూల్సూ గీల్సూ లేవు. అప్పటికే గుర్రం సినిమాలకి గిరాకీ తగ్గిపోతోంది, ఆ హీరోయిజాన్నే సిటీకి తెచ్చి బ్యాడ్జి తగిలించారు అంతే. ఆ పాత్ర ముందు వేన్ దగ్గరికే వెళ్తే వద్దన్నాడని కూడా అంటారు. ఈస్ట్‌వుడ్ కూడా ఒక్క దూకులో మారలేదు లెండి, 1968లోనే కూగన్స్ బ్లఫ్‌లో అరిజోనా డిప్యూటీ షెరీఫ్‌గా కౌబాయ్ టోపీతోనే న్యూయార్క్‌లో దిగాడు, అప్పటికి ఇంకా నలభై లోపే. వేన్‌కి మాత్రం తన పోలీసు సినిమా మెక్‌క్యూ (1974) చేసేనాటికి 66 ఏళ్ళు, క్యాన్సర్ వల్ల 1964లోనే ఒక ఊపిరితిత్తి తీసేశారు.

మా ఇంట్లో వేన్ అంటే టీఎన్‌టీ, రాత్రి కార్టూన్ నెట్‌వర్క్ అయిపోగానే అదే ఛానెల్లో పాత ఇంగ్లీషు సినిమాలు వచ్చేవి గుర్తుందా, వెస్టర్న్ పడితే మా నాన్న రిమోట్ ఇచ్చేవారు కాదు. తర్వాతెప్పుడో మెక్‌క్యూ డీవీడీ దొరికితే ఇద్దరం కూర్చుని చూశాం. సియాటెల్ పోలీసు, ఆకుపచ్చ ఫైర్‌బర్డ్ కారు, అంత భారీ మనిషి ఆ చిన్న కార్లో ఇరుక్కుని కూర్చుని దిగేటప్పుడు అవస్థ పడుతుంటే మా నాన్న "పాపం ఈయనకి గుర్రం దిగడమే సులువురా" అన్నారు. కానీ అదే కారుని రెండు లారీల మధ్య పెట్టి నలిపేసే సీన్లో మాత్రం ఇద్దరం కిక్కురుమనలేదు, ఆ వయసు ఆయాసం అక్కడ బాగా పనికొచ్చింది, కుర్ర హీరో అయితే అంత భయం వేసేది కాదు.

మరుసటేడు బ్రానిగన్, షికాగో పోలీసు దొంగ కోసం లండన్ వెళ్తాడు, అంటే కూగన్స్ బ్లఫ్ ఫార్ములానే. ఇక్కడ తుపాకీ కుదరదు అని లండన్ పోలీసు అధికారిగా వేసిన రిచర్డ్ అటెన్‌బరో (మన గాంధీ సినిమా డైరెక్టరే) గొడవ, ఈయన వినడు. నాకిదే ఎక్కువ నచ్చింది, ఈస్ట్‌వుడ్‌లా ఉండాలనే తాపత్రయం లేదు, తన మీద తనే జోకులేసుకుంటాడు.

ఈ టైపువి ఆ రెండే, అదే 1975లో రూస్టర్ కాగ్‌బర్న్‌తో మళ్ళీ వెస్టర్న్‌కే వెళ్ళిపోయాడు, 1976లో వచ్చిన వెస్టర్న్ ది షూటిస్ట్ ఆఖరి సినిమా. ఒక్కటే చూసే టైముంటే బ్రానిగన్ చూడండి, టవర్ బ్రిడ్జి మీద కారు ఎగిరే సీన్ కోసమైనా.