నోటికి హితవైన పథ్యం

ప్రశ్న: నా వయసు 54 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం టైప్ 2 మధుమేహం ఉందని తేలింది. ఆనాటి నుండి తీపి పూర్తిగా మానేసి, ఉప్పూ కారమూ లేని ఉడికించిన కూరగాయలతోనే కాలం గడుపుతున్నాను. చక్కెర అదుపులోకి వచ్చింది గానీ భోజనం మీద విరక్తి పుట్టింది. వారానికి ఒకటి రెండుసార్లు, రాత్రి అందరూ నిద్రపోయాక, వంటింట్లో నిలబడి బిస్కెట్ల పొట్లం మొత్తం తినేసి తెల్లవారాక సిగ్గుపడుతున్నాను. జీవితాంతం ఇలా తినవలసిందేనా?

జవాబు: అవసరం లేదు. జ్వరానికి చేసే పథ్యం నాలుగు రోజుల్లో ముగుస్తుంది గనుక అంతవరకు నాలుకను ఎలాగో ఓదార్చుకోగలం. మధుమేహానికి చేసే పథ్యం ఏళ్ల తరబడి సాగవలసినది గనుక నోటికి హితవుగా లేకపోతే అది నిలబడదు. రాత్రి ఖాళీ అవుతున్న బిస్కెట్ల పొట్లానికి మీ మనోబలాన్ని నిందించను. పగలు మీ కంచంలో రుచి కరువైనందువల్లనే ఆ పొట్లం అంతగా పిలుస్తున్నదని నా అభిప్రాయం.

రక్తంలో గ్లూకోజును ప్రధానంగా పెంచేవి పిండిపదార్థాలు, అంటే అన్నం, రొట్టె, బంగాళాదుంప, చక్కెర వంటి వాటిలో అధికంగా ఉండేవి. మాంసకృత్తులూ కొవ్వులూ నేరుగా పెంచేది చాలా తక్కువ. మిరియాలు, అల్లం, వెల్లుల్లి, పుదీనా, నిమ్మరసం వంటివి వంటలో వాడే మోతాదులో ఈ లెక్కలోకి దాదాపు రానేరావు. రక్తపోటు ఉన్నందున ఉప్పు తగ్గించమని వైద్యులు చెప్పి ఉంటే అది పాటించవలసిందే. కారాన్నీ పులుపునూ మీరెందుకు వదులుకున్నారో మాత్రం నాకు అర్థం కాలేదు. అవే కూరగాయలను నీళ్లలో ఉడికించే బదులు చెంచాడు నూనెతో అంచులు ఎర్రబడేదాకా వేయించి, దించిన తరువాత నిమ్మరసం పిండి, గుప్పెడు మించకుండా వేయించిన గింజలు చల్లుకుని చూడండి. కరకరలాడే గుణం, పులుపు, వేపుడు వాసన కలిసినప్పుడు తీపి లేని లోటు చాలావరకు తెలియదు. పైగా నిమ్మరసం, వెనిగర్ వంటి పుల్లని పదార్థాలు భోజనంలోని పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలో చేరే వేగాన్ని కొంత తగ్గిస్తాయి.

పరిమాణం విషయానికి వస్తే, సుమారు 9 అంగుళాల కంచంలో సగం కూరగాయలు, నాలుగో వంతు గుడ్లు, చేప, చిక్కుడు జాతి గింజలు వంటి మాంసకృత్తులు గల ఆహారం, మిగిలిన నాలుగో వంతులో మీకు ఇష్టమైన అన్నమో రొట్టో ఉండేలా చూసుకుంటే తూకాలూ కొలతలూ అక్కరలేదు. ముందుగా కూరగాయలూ మాంసకృత్తులూ తిని, అన్నాన్ని చివరికి ఉంచుకుంటే, అదే భోజనం తరువాత గ్లూకోజు తక్కువగా పెరుగుతుంది. తినే వస్తువును మార్చకుండా వరుసను మాత్రమే మార్చి పొందగలిగే లాభం ఇది, అందుకే నాకు ఈ చిట్కా మీద మక్కువ ఎక్కువ.

ఇక మీ బిస్కెట్లు. పోషకాహార నిపుణులు 15 గ్రాముల పిండిపదార్థాన్ని ఒక వంతుగా లెక్కిస్తారు. పొట్లం మీది పట్టిక చూసి, ఎన్ని బిస్కెట్లకు 15 గ్రాములు అవుతుందో తెలుసుకుని, ఆ రోజు భోజనంలో అంత పిండిపదార్థం తగ్గించి, భోజనం చివర వాటిని పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని, నిదానంగా తినండి. పీచూ మాంసకృత్తులూ అప్పటికే కడుపులో ఉన్నందువల్ల అందులోని చక్కెర, ఖాళీ కడుపున తిన్నంత వేగంగా రక్తంలోకి చేరదు. అనుమతి ఉన్న రెండు బిస్కెట్లు పగలు తిన్నవారికి రాత్రి వంటింట్లో పెద్దగా పని ఉండదు.

ఏ వంట మీకు సరిపడుతుందో చెప్పగలిగినది గ్లూకోమీటరే, ఎందుకంటే ఒకే ఆహారం ఇద్దరిలో ఒకేలా పనిచేయదు. కొత్త వంటకం ప్రయత్నించిన రోజున భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు ఒకసారి చూసి రాసుకోండి. చాలామంది పెద్దలకు ఆ రెండో అంకె డెసీలీటరుకు 180 మిల్లీగ్రాముల లోపు ఉండడం లక్ష్యం. మీ వైద్యులు వేరే లక్ష్యం చెప్పి ఉంటే దానినే పాటించాలి. అంకె కొంచెం ఎక్కువగా వచ్చినంత మాత్రాన ఆ వంటకాన్ని బహిష్కరించకండి. మరోసారి పరిమాణం తగ్గించి, తిన్న తరువాత పది పదిహేను నిమిషాలు నడిచి చూడండి. మూత్రపిండాల సమస్య ఉన్నవారు మాంసకృత్తులు పెంచే ముందు, ఇన్సులిన్ గానీ, శరీరం చేత ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించే సల్ఫోనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడుతున్నవారు పిండిపదార్థాలు బాగా తగ్గించే ముందు, తప్పనిసరిగా వైద్యులను సంప్రదించాలి.

ప్రశ్న: పండ్లు తియ్యగా ఉంటాయి గనుక తినవద్దని ఇంట్లో అంటున్నారు. వాటి బదులు పండ్లరసం తాగి, చక్కెర స్థానంలో తేనె వాడవచ్చా?

జవాబు: ఇంట్లోవారు పండును దోషిగా నిలబెట్టి రసాన్ని విడిచిపెట్టారు, నిజానికి జరగవలసినది దానికి తలకిందులు. పండును నమిలి తిన్నప్పుడు పీచు వెంట ఉంటుంది, ఒకటి రెండింటితో కడుపు నిండుతుంది. ఒక గ్లాసు రసానికి మూడు నాలుగు నారింజలు పట్టవచ్చు, అవి నిమిషంలో గొంతు దిగిపోతాయి. ఎండు పండ్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి: 100 గ్రాముల ద్రాక్షలో సుమారు 18 గ్రాముల పిండిపదార్థం ఉంటే, నీరు చాలావరకు పోయిన అదే బరువు ఎండుద్రాక్షలో అది దాదాపు 79 గ్రాములు. తేనెలో సుమారు 80 శాతం చక్కెరలే గనుక దానికి ప్రత్యేక మినహాయింపు లేదు.

కొందరు గ్లైసీమిక్ ఇండెక్స్ పట్టిక చూసి పుచ్చకాయను పూర్తిగా మానేస్తారు. 1981లో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జెన్కిన్స్ బృందం ప్రతిపాదించిన ఈ కొలమానం, నిర్ణీత పరిమాణంలో పిండిపదార్థం తిన్నప్పుడు గ్లూకోజు ఎంత పెరుగుతుందో చెబుతుంది; మనం నిజంగా తినే ముక్కలో ఆ పిండిపదార్థం ఎంత ఉందో చెప్పదు. పుచ్చకాయలో అధిక భాగం నీరే గనుక ఒక మోస్తరు ముక్కతో భయపడవలసిన పని లేదు.

ప్రశ్న: 'షుగర్ ఫ్రీ' అని రాసి ఉన్న బిస్కెట్లు, చాక్లెట్లు ఎన్నయినా తినవచ్చా?

జవాబు: తినకూడదు. చక్కెర లేకపోయినా పిండి ఉంటుంది, కొవ్వు ఉంటుంది. మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలు కూడా గ్లూకోజును కొంత పెంచుతాయి, ఎక్కువైతే విరేచనాలు అవుతాయి. ముందువైపు పెద్ద అక్షరాలను వదిలేసి, వెనుకవైపు పట్టికలో మొత్తం పిండిపదార్థాల అంకె చూడండి.

ప్రశ్న: నేను ఇన్సులిన్ వాడుతున్నాను. చక్కెర పడిపోయి చెమటలు పట్టినప్పుడు, ఎలాగూ తీపి తినాలి గనుక నాకు ఇష్టమైన చాక్లెట్ తింటున్నాను. ఇది సరైనదేనా?

జవాబు: ఇష్టాన్ని పక్కన పెట్టవలసిన ఒకే ఒక్క సందర్భం ఇది. చాక్లెట్‌లోని కొవ్వు కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది గనుక అందులోని చక్కెర మీకు అవసరమైనంత త్వరగా రక్తానికి అందదు. గ్లూకోజు డెసీలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే, 15 గ్రాముల చక్కెర ఉండేలా గ్లూకోజు మాత్రలు గానీ, నీళ్లలో కలిపిన మూడు నాలుగు టీస్పూన్ల చక్కెర గానీ, పైన నేను నిందించిన పండ్లరసమే అర గ్లాసు గానీ తీసుకుని, 15 నిమిషాల తరువాత మళ్లీ పరీక్షించుకోండి. ఇంకా తక్కువగా ఉంటే అంతే మళ్లీ తీసుకోవాలి. 70 దాటిన తరువాత, భోజనానికి చాలా వ్యవధి ఉంటే ఏదైనా కొంచెం తినవచ్చు. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదని, వెంటనే వైద్య సహాయం పిలవాలని మీ ఇంట్లోవారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.