మాను వంగదని ఎవరన్నారు?

మనిషి మారడాన్ని చెట్టూ పుట్టా పురుగులతో పోల్చే తెలుగు మాటల్లో ఏది బాగా కుదిరిందని అడిగారు. కుదిరింది తర్వాత చెబుతాను. అస్సలు కుదరనిది 'మొక్కై వంగనిది మానై వంగునా'. ఆ సామెత పుట్టించినవారు మామిడి తోట చూసి ఉండరు.

దామలచెరువు దగ్గర మా మామకు వాళ్ల నాన్న నాటిన తోతాపురి రకం మామిడి తోట ఉంది. ఆ చెట్ల మీద కత్తి పడనివ్వనని ఏళ్ల తరబడి భీష్మించుకున్న మనిషి, అరవై దాటాక కూతురి పోరు పడలేక ఒప్పుకున్నాడు. ముదురు కొమ్మలన్నీ రంపంతో కోయించి, మోడుల మీద చిగుళ్లు వచ్చాక వాటికి బేనీషా, అంటే బంగినపల్లి, అంటు కట్టించాడు. అంటు కట్టే మనిషి నిచ్చెన మీద ప్లాస్టిక్ పట్టీ చుడుతున్నాడు. కింద నిలబడి మామ నాకు తన కొడుకు సంగతి చెబుతున్నాడు. పొద్దెక్కేదాకా లేవడట, ఇక మారడట, "మానై వంగుతుందా నాయనా?" అట. నిచ్చెన మీది మనిషికి నవ్వు ఆగలేదు. మామకు మాత్రం ఎందుకు నవ్వుతున్నాడో అర్థం కాలేదు.

మూడో ఏట బేనీషా కాసింది.

అందుకే నా ఓటు అంటుకు. వేరు పాతదే, మాను పాతదే, కాయ కొత్తది. అంటు కింద నుంచి పాత చిగుళ్లు పుడుతూనే ఉంటాయి, గిల్లడం మానితే మళ్లీ తోతాపురే. తాగుడు మానినవారిని అడిగి చూడండి, కాదనరు.

ఇక గొంగళిపురుగు సీతాకోకచిలుక అయిన కథ. తిరుపతిలో కోచింగ్ సెంటర్ల గోడల మీద ఆ బొమ్మ చూసి చూసి విసుగొచ్చింది. దాన్ని వేయించినవారికి పలమనేరు వైపు ఒక పట్టుపురుగుల షెడ్డు చూపించాలి. మల్బరీ ఆకు తిని, చంద్రికలనే తట్టలెక్కి, గూడు కట్టుకున్న పురుగును రెక్కలొచ్చేదాకా ఉంచరు. గూడు చీల్చుకుని వస్తే దారం తెగుతుందని ముందే వేడికి చంపేస్తారు. రాత్రి పదింటిదాకా ఆ గోడల మధ్య చదివే పిల్లలకు ఈ పోలికే సరిగ్గా అతుకుతుందేమో.