18వ శతాబ్దం లండన్‌లో కిరాయి సెడాన్ చైర్ గుర్రబ్బండి కంటే చవకా?

కాదండీ, దూరం లెక్కన చూస్తే సెడాన్ చైరే ఖరీదు.

సెడాన్ చైర్ అంటే మన పల్లకీ లాంటిదే, కాకపోతే నిలువుగా ఉండే పెట్టెలో ఒక్కరే కూర్చుంటారు, ముందొకడు వెనకొకడు మోస్తారు. అంటే ఒక్క మనిషి కోసం ఇద్దరి కష్టం, అదే బండిలో అయితే నలుగురు సర్దుకుని వెళ్ళొచ్చు. పైగా చైర్ సన్న సందుల్లోకి కూడా వెళ్ళేది, కావాలంటే ఇంటి హాల్లోకే తీసుకొచ్చి దింపేవాళ్ళు, వానలో బట్టలు పాడవకుండా వెళ్ళాలంటే దీన్ని మించింది లేదు.

రేట్లు నోటికొచ్చినట్టు అడిగే వీల్లేదు, 1711 చట్టంలోనే ఫిక్స్ చేశారు. ఉదాహరణకి మైలున్నర దూరానికి బండికి 1 షిల్లింగ్ (12 పెన్నీలు), అదే దూరం చైర్‌లో అయితే 1 షిల్లింగ్ 6 పెన్నీలు, అంటే ఒకటిన్నర రెట్లు.

చాలామంది గుర్రం లేదు, మేత ఖర్చు లేదు కాబట్టి చైర్ చవక అనుకుంటారు, ఇంకొందరేమో అవి దొరల సొంత చైర్లే అనుకుంటారు. రెండూ తప్పే. సొంతవి ఉన్నమాట నిజమే కానీ లైసెన్స్ నంబర్‌తో వీధిలో కిరాయికి దొరికేవి కూడా వందల్లో ఉండేవి, ఆ 1711 చట్టమే 800 బండ్లకీ 200 చైర్లకీ అనుమతిచ్చింది, తర్వాత ఆ లెక్క ఇంకా పెంచారు.