ఆపరేషన్ తర్వాత నొప్పి మాత్రలు: తమ్ముడికి ఒక ఉత్తరం

తమ్ముడూ,

మోకాలి ఆపరేషన్‌కి తారీఖు ఖాయమైందని నిన్న ఫోన్లో చెప్పావు. ఆ వెంటనే, "నొప్పి మాత్రలు మాత్రం ముట్టనన్నా, పళ్లబిగువున ఓర్చుకుంటా" అన్నావు. ఆ మాట విన్నాక రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు.

మత్తుమందుల అలవాటు నువ్వు మానేసి 3 ఏళ్లు, నేను మానేసి 14 ఏళ్లు. మానేసిన ఐదో ఏట భుజానికి ఆపరేషన్ అయినప్పుడు నేనూ ఇదే పంతం పట్టాను. రెండో రాత్రికల్లా నొప్పికి తాళలేక, పాత స్నేహితుడి నంబరు వెతుక్కుంటూ మంచం మీద కూర్చున్నాను. డాక్టరు రాసిన మాత్ర వద్దన్నవాణ్ణి, వాడిచ్చే మాత్రకి సిద్ధపడిపోయాను. అందుకే బతిమాలుతున్నాను, మాత్ర వేసుకో. కాకపోతే దాన్ని నీ చేతిలో పెట్టుకోకు.

ముందు సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ విడివిడిగా అంతా చెప్పు: ఏం వాడేవాడివో, ఎంత వాడేవాడివో, ఎప్పుడు ఆపావో. సిగ్గుపడి దాచకు. తెలిస్తే వాళ్లు నరానికి మత్తు సూది, పారాసిటమాల్, ఐబూప్రోఫెన్ లాంటివి కలిపి ఇచ్చి, మార్ఫిన్ జాతి మందుల, అంటే అలవాటుగా మారగల గట్టి నొప్పి మందుల, అవసరం తగ్గించగలరు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఐబూప్రోఫెన్ మంచిది కాదు. పారాసిటమాల్ పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, లివర్ దెబ్బతిన్నవాళ్లకి అంతకంటే తక్కువే. చాలా జలుబు బిళ్లల్లోనూ అదే ఉంటుంది, లెక్కలో కలుపుకో.

మళ్లీ అలవాటు వైపు పోకుండా నువ్వు నాల్ట్రెక్సోన్ మందు వాడుతున్నావు కదా, అది మాత్రం మర్చిపోకుండా చెప్పు. అది ఒంట్లో ఉన్నంతవరకూ మార్ఫిన్ జాతి మందు సరిగా పనిచేయదు. బిళ్లలైతే మామూలుగా రెండు మూడు రోజుల ముందు ఆపిస్తారు, నెలకోసారి వేసే ఇంజెక్షనైతే వారాల ముందే ఆలోచించాలి. నీ అంతట నువ్వు ఆపకు. అలవాటు మాన్పించడానికే ఇచ్చే ఇంకో మందు, బ్యూప్రెనార్ఫిన్ మీదున్న మనవాళ్లకైతే ఈమధ్య చాలాచోట్ల అది ఆపకుండానే ఆపరేషన్ చేస్తున్నారు. వాళ్లని చూసి నువ్వు, నిన్ను చూసి వాళ్లు నిర్ణయం తీసుకోవద్దు.

ఇంకో భయం నాకుంది. అప్పట్లో వేసుకున్న మోతాదు మనసుకి గుర్తుంటుంది గానీ ఒంటికి ఆ అలవాటు పోయింది. ఆ లెక్కన ఇప్పుడు వేసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. మద్యం గానీ నిద్రమాత్ర గానీ తోడైతే మరీ ప్రమాదం. మోతాదు మించినప్పుడు మార్ఫిన్ జాతి మందుకి విరుగుడుగా ఇచ్చే నలోక్సోన్ ఇంట్లో ఉంచుకోవాలా అని డాక్టర్ని అడుగు. ఇది మరదలి ముందే అడుగు.

మాత్రల కాపలా కూడా ఆమెకే అప్పజెప్పు. మా ఇంట్లో ఆ పని మీ వదిన చేసింది. స్ట్రిప్పు నా కంటపడకుండా దాచి, కత్తెరతో ఒక్కో మాత్ర కత్తిరించి, టైముకి తెచ్చి ఇచ్చి, మింగేదాకా పక్కనే నిలబడేది. నోటుబుక్కులో టైము రాసి, నొప్పి పదికి ఎంతో అడిగి, ఆ అంకె వేసేది. నాలుగో రాత్రి అడిగితే "ఎనిమిది" అన్నాను. అలా అంటూనే దిండు సర్దుకున్నాను, అదీ కుట్లున్న చేత్తోనే. ఆమె ఆ చెయ్యి వంక చూసింది. నేనూ చూసుకున్నాను. నొప్పి ఎనిమిదైతే ఆ చెయ్యి కదలదు. కాసేపటికి "నాలుగు" అని నేనే దిద్దించాను. ఆ కొట్టివేత ఉన్న కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నీ నోరు ఒంటికంటే పెద్ద అంకె చెప్పిన రోజు భయపడు, ఆ రోజే ఎవరికైనా చెప్పు. ఒంటికి నిజంగానే ఎనిమిది ఉంటే, అదీ డాక్టరుకి చెప్పాల్సిందే, ఓర్చుకుని కూర్చోకు.

మానేసినవాళ్లం కలుసుకునే మీటింగులో ఎవరైనా "మాత్ర వేసుకున్నావు, మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్కపెట్టుకో" అంటే పట్టించుకోకు. డాక్టరు రాసినట్టు, రాసినన్నాళ్లే వేసుకుంటే అది మళ్లీ అలవాటులోకి జారిపోవడం కాదు. మందు అన్న మాట వింటేనే మనకి ఒళ్లు జలదరిస్తుంది. తాగేదాన్నీ మందే అంటాం, నయం చేసేదాన్నీ మందే అంటాం మరి.

మలబద్ధకానికి కూడా ముందే ఏదైనా రాయించుకో. ఎన్ని రోజులకి ఆపాలో ఆపరేషన్‌కి ముందే అడిగి కాగితం మీద రాయించుకో. మిగిలినవి ఒక్కటి కూడా ఇంట్లో ఉంచకుండా ఏం చేయాలో మందుల షాపులో మరదల్ని అడగమను.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మొదలు, రోజూ రాత్రి 9 గంటలకి నేనే ఫోన్ చేస్తాను. మరదలు రాసిన అంకె చదివి వినిపించు.

మీ అన్నయ్య